కొత్త డబ్బాలో పాత వాల్వు: కారును ఇంట్లో బాగుచేసుకునేవారికి ఒక హెచ్చరిక

పాత కారుకు చిన్న చిన్న పనులు ఇంట్లోనే చేసుకునేవారు, అందుకు కావలసిన విడిభాగాలను దుకాణంలో సొంతంగా కొని తెచ్చుకునేవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఈ వేసవిలో నేను ‘కంపెనీ ఒరిజినల్’ అన్న మాట నమ్మి, బిల్లు లేకుండా ఒక థర్మోస్టాట్ వాల్వును (ఇంజిన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే చిన్న తలుపు), రెండు లీటర్ల కూలెంటును (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కొన్నాను. ఆ వాల్వు అంతకు ముందే వేరే కారులో వాడి తీసినది. ఆ కూలెంటు రంగు కలిపిన నీళ్లు. రెండింటికీ కలిపి నేను ఇచ్చింది 930 రూపాయలు. ఆ తరువాత ఇంజిన్ హెడ్డు, అంటే ఇంజిన్ పై భాగం, విప్పించి బాగుచేయించడానికి అయింది 16,400 రూపాయలు.

మాది 2009 మోడల్ శాంత్రో జింగ్. నంబరు ఇప్పటికీ ఏపీ 09తోనే ఉంది. పదిహేనేళ్లు నిండినప్పుడు ఆర్‌సీని మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాం. ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ వంటివి మెహదీపట్నంలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం పూట నేనే మార్చుకుంటాను. బ్రేకుల జోలికి మాత్రం పోను. చలికాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లినప్పుడు టెంపరేచర్ ముల్లు సగానికి చేరకుండా కిందనే ఉండిపోతోందని, లీటరుకు పద్నాలుగు ఇచ్చే బండి పదకొండుకు పడిపోయిందని గమనించి, ఒక ఆదివారం థర్మోస్టాట్ హౌసింగ్ విప్పాను. లోపల వాల్వే లేదు. నాకంటే ముందు ఈ కారు నడిపిన ఇద్దరిలో ఎవరో తీయించేశారు. ఇది మన ఊళ్లో వింతేమీ కాదు. బండి ఒక్కసారి వేడెక్కిందంటే చాలు, ‘గీ ఎండలకు వాల్వెందుకు సార్, తీసి పడేస్తే బండి సల్లగుంటది’ అని సలహా ఇచ్చే షెడ్లు గల్లీకి ఒకటి ఉన్నాయి.

ఆ సలహా ఎందుకు తప్పో చెప్పాలి. ఈ వాల్వు నడుమ చిన్న ఇత్తడి డబ్బీ, అందులో మైనం ఉంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు స్ప్రింగు వాల్వును మూసి ఉంచి, నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండా ఆపుతుంది. మా వాల్వు రకంలో నీళ్లు 82 డిగ్రీలకు చేరగానే మైనం కరిగి, ఉబ్బి, స్ప్రింగును నెట్టి దారి తెరుస్తుంది. వాల్వే లేకపోతే ఇంజిన్ తనకు కావలసిన వేడికి సులభంగా చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువగా పోయిస్తూ ఉంటుంది. అందులో కొంత ఆయిలులోకి దిగి, ఆయిలును త్వరగా పాడుచేస్తుంది. అయితే వాల్వు లేకపోవడం కంటే, ఉండి కూడా తెరుచుకోకపోవడం ఎన్నో రెట్లు ప్రమాదకరం. నేను డబ్బిచ్చి మరీ తెచ్చుకున్నది ఆ ప్రమాదాన్నే.

దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. కొన్నది అక్కడే అని రుజువు చేసే బిల్లు నా దగ్గర లేకపోవడమే కారణం. డబ్బా చూడటానికి బాగానే ఉంది: మెరిసే అచ్చు, పార్ట్ నంబరు చీటీ, పైన ప్లాస్టిక్ కవరు. ధర 620 అని ఉంటే 480కి ఇస్తానన్నారు. బిల్లు అడిగితే, ‘బిల్లయితే రేటు మారుతది సార్, జీఎస్టీ పడతది, మీ ఇష్టం’ అన్నారు. విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి దిగిందన్న సంగతి నాకు తెలుసు. 480 మీద 18 శాతం ఎంతో లెక్క వేసుకోగలను కూడా. అయినా ఆ 86 రూపాయల కోసం బిల్లు వద్దనుకున్నాను. కౌంటరు మీద ఉన్న పచ్చని కూలెంటు డబ్బాలు రెండు కూడా, ఒక్కొక్కటి 225 చొప్పున, అదే ఊపులో తీసుకున్నాను.

బిగించడం కష్టమేమీ కాలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పాత నీళ్లు వదిలితే టీ డికాషన్ రంగులో తుప్పు నీళ్లు వచ్చాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, కొత్త వాల్వును దాని గాలి రంధ్రం పైకి వచ్చేలా పెట్టి, రెండు బోల్టులు బిగించి, కూలెంటు పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాను. ఆ తరువాత పది రోజులు కారు తిరిగింది బడికి, కూరగాయల బజారుకు, అంతే. రెండు మూడు కిలోమీటర్లకు మించలేదు. ముల్లు సగం దగ్గర నిలబడటం చూసి పని బాగా చేశానని సంబరపడ్డాను.

పదకొండో రోజు మధ్యాహ్నం మా బావమరిదిని తీసుకురావడానికి శంషాబాద్ విమానాశ్రయానికి బయలుదేరి, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా దాదాపు 11.6 కిలోమీటర్ల పొడవున్న ఆ వంతెన మీద కారు ఆపుకునేందుకు పక్కన జాగా ఉండదు. ఈ సంగతి తెలిసినవారికి నా పరిస్థితి అర్థమవుతుంది. అత్తాపూర్ దాటుతుండగా ముల్లు కదలడం మొదలై, నేను రెండుసార్లు చూసేలోపే ఎర్ర గీతను తాకింది. ఏసీ ఆపేసి, ఇంజిన్ వేడిని కొంతైనా లాగుతుందని హీటరును పూర్తిగా తిప్పి, కిటికీలు దించి, ఆ మండుటెండలో వేడి గాలి మొహానికి కొడుతుండగా తరువాతి ర్యాంపు దాకా ఎలాగో వెళ్లి దిగాను. అప్పటికే బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. చాలాసేపు ఆగి బానెట్ ఎత్తి చూస్తే, ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి ఉంది గాని రేడియేటర్ కింది భాగం మాత్రం నీడలో పెట్టిన ఇనుములా చల్లగా ఉంది. వేడి నీళ్లు అక్కడికి చేరనే లేదన్నమాట. ఇలాంటి సమయంలో రేడియేటర్ మూత తిప్పకండి. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత వదులు కాగానే భగ్గున పైకి లేచి మొహాన్ని, చేతులను కాల్చేస్తాయి.

తోయించుకుని తీసుకెళ్లిన షెడ్డులో మెకానిక్ ఆయిలు మూత తీసి చూపించాడు. లోపలి వైపు మీగడలాంటి తెల్లని జిగురు అంటుకుని ఉంది. హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డుకూ దాని కింది ఇంజిన్ భాగానికీ నడుమ ఉండే పలుచని పలక, పోయి, నీళ్లు ఆయిలులో కలిశాయి. ఇంజిన్ హెడ్డు అల్యూమినియంది కాబట్టి వేడికి వంగింది. లేత్ దగ్గర ఫేసింగ్ చేయించి (వంగిన అడుగును చదును చేయించి), గ్యాస్కెట్ సెట్టు, టైమింగ్ బెల్టు, ఆయిలు, మజూరీ కలుపుకుని పైన చెప్పిన మొత్తం అయింది. విప్పిన వాల్వును, డబ్బాలో మిగిలిన అర లీటరు కూలెంటును అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

తప్పు నా బిగింపులో ఉండవచ్చన్న అనుమానం నాకూ లేకపోలేదు. అందుకే వాల్వును ఒక స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన వంటింటి థర్మామీటరు పెట్టి పొయ్యి మీద వేడి చేశాను. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది గనుక ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 82 డిగ్రీల వాల్వుకు అది చాలు. మంచి వాల్వు 82 దగ్గర కదలడం మొదలుపెట్టి, నీళ్లు మరిగే సమయానికి చిటికెన వేలు గోరంత వెడల్పునైనా తెరుచుకోవాలి. ఇది 85కు కదలలేదు, 90కి కదలలేదు. నీళ్లు తెర్లుతూ ఐదు నిమిషాలు గడిచాక పోస్టుకార్డు దూరేంత సందు మాత్రం ఇచ్చి ఆగిపోయింది. అప్పుడు దాన్ని ఆరబెట్టి వెలుతురులో తిప్పి చూశాను. పైన రుద్ది మెరుపు తెప్పించారు గాని, స్ప్రింగు చుట్ల లోపలి వైపు తుప్పు మచ్చలు అలాగే ఉన్నాయి. కొత్త రబ్బరు రింగు తీస్తే దాని కింద లోహం మీద పాత రింగు అచ్చు నల్లగా, గుండ్రంగా కనిపించింది. డబ్బా మీది పార్ట్ నంబరు చీటీని గోటితో గీకితే కింద ఇంకో చీటీ, దాని మీద వేరే నంబరు ఉన్నాయి. ఈ మూడింటినీ బిగించడానికి ముందే చూడగలిగేవాణ్ని.

కూలెంటును పరీక్షించడం ఇంకా తేలిక. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉన్న కూలెంటు ఇంటి ఫ్రీజరులోని చలికి, అంటే మైనస్ 18 డిగ్రీలకు, గడ్డకట్టదు. నీళ్ల పాలు ఎక్కువైతే ముద్దగా అవుతుంది. నాది రాత్రికి రాత్రే రాయిలా పచ్చని ఐసుగడ్డ అయింది. మన ఊళ్లో గడ్డకట్టే చలి లేదు కదా అనవచ్చు. ఇక్కడ కూలెంటు అవసరం చలికి కాదు. నీళ్లు మరిగే వేడిని పెంచడానికి, లోపల తుప్పు పట్టకుండా ఆపడానికి. చిక్కటి కూలెంటు కొన్నా బోరు నీళ్లు కలపవద్దు. మన బోరు నీళ్లు వంటగిన్నెలకు తెల్లని పొర కట్టినట్టే రేడియేటర్ గొట్టాలకూ కడతాయి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణాల్లో దొరుకుతుంది. ఫ్రీజరు పరీక్ష చేసేవారికి ఇంకొక మాట చెప్పాలి. పొద్దున మా అమ్మాయి ఆ సీసా చేతిలో పట్టుకుని ‘నాన్నా, ఇది పుదీనా షర్బత్తా?’ అని అడిగేసరికి నాకు చెమటలు పట్టాయి. అసలు కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండే విషం. పిల్లలకూ పెంపుడు కుక్కలకూ అందకుండా, మూత బిగించి, పేరు రాసి పెట్టండి.

తిరిగి దుకాణానికి వెళితే ‘ఫిట్ చేసిన మాల్ వాపస్ లేదు’ అని గోడ మీది బోర్డు చూపించారు. ఆ బోర్డుకు చట్టంలో విలువ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ రాయనప్పుడు, లోపమున్న సరుకును 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అంతే. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. సరుకుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అయితే చట్టం నా వైపు ఉన్నంత మాత్రాన రుజువు నా వైపు లేదు. నా దగ్గర ఉన్నది యూపీఐ చెల్లింపు ఒక్కటే. అది కూడా దుకాణం పేరు మీద కాక ఎవరో వ్యక్తి పేరు మీద వెళ్లింది. డబ్బు పంపేటప్పుడు తెర మీద ఆ పేరు కనిపించింది. నేను చదవలేదు.

కాబట్టి కొనేటప్పుడు డబ్బాను కౌంటరు దగ్గరే తెరిపించండి. 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదు నంబరు డబ్బా మీద ఉండాలి. నా డబ్బా మీద నెల, సంవత్సరం లేవు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవారు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, విస్తరణ సీసాలో (రేడియేటర్‌కు గొట్టంతో కలిపి ఉండే ప్లాస్టిక్ సీసాలో) నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూడండి. తుప్పు రంగుంటే బేరం తగ్గించండి. తరువాత కనీసం పావుగంట నడిపి ముల్లు సగానికి వచ్చి నిలుస్తుందో లేదో గమనించండి. రాకపోతే వాల్వు తీసేసి ఉండవచ్చు. ‘మీరు వచ్చే ముందు ఒకసారి స్టార్ట్ చేసి ఉంచాం’ అంటే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి.

నా వంతు తప్పు నేను ఒప్పుకుంటున్నాను. కొత్త వాల్వును పొయ్యి మీద పరీక్షించడానికి పది నిమిషాలు పట్టేది. రేడియేటర్ మూత రబ్బరు చిట్లిందని తెలిసి కూడా మార్చలేదు. మంచి మూత ఒత్తిడిని పట్టి ఉంచితే నీళ్లు ఇంకో ఇరవై డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. ర్యాంపు దాకా నడపకుండా, హజార్డ్ లైట్లు వేసి వంతెన మీదే ఇంజిన్ ఆపేసి ఉంటే హెడ్డు దక్కేదేమోనని మెకానిక్ అన్నాడు. వెనుక నుంచి వస్తున్న వాహనాలను తలచుకుంటే ఆ విషయంలో మాత్రం నేను చేసిందే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

కొత్త వాల్వును, మూతను, కూలెంటును పోయిన వారం రాణిగంజ్‌లో వేరే దుకాణంలో బిల్లుతో కొన్నాను. మొత్తం 1,740 అయింది. వాల్వు 83 డిగ్రీల దగ్గర టక్కున కదిలి, నీళ్లు తెర్లేసరికి పూర్తిగా తెరుచుకుంది. ఆ తరువాతే బిగించాను. ఆ స్టీలు గిన్నెను మా ఆవిడ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. ఇప్పుడది కారు డిక్కీలో, జాకీ పక్కన ఉంటోంది.