కేఆర్ పురం టు ఇందిరానగర్: మావాడి మొబిలిటీ ట్రైనింగ్ రివ్యూ

చూపు తక్కువున్న పిల్లలకి ఒంటరిగా తిరగడం నేర్పించే ట్రైనింగ్ బెంగళూరులో ఎలా ఉంటుందని మనవాళ్లు నలుగురైదుగురు అడిగారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. సెంటర్ పేరు మాత్రం పెట్టట్లేదు, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

మావాడికి పదిహేడేళ్లు, ఫస్ట్ పీయూ, అంటే మన ఇంటర్ ఫస్టియర్. రెటినైటిస్ పిగ్మెంటోసా, వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బు. మాది మేనరికం, డాక్టర్ ఫస్ట్ అడిగింది కూడా అదే. ఈ జబ్బులో ముందు చీకట్లో కనపడదు, తర్వాత మెల్లగా పక్క చూపు పోతుంది, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కొంచెం మిగుల్తుంది. అందుకే వీడు గోడ మీద క్యాలెండర్ చదువుతాడు, కాళ్ల దగ్గరున్న బకెట్ తన్నుకుంటాడు. చూసేవాళ్లు వేషాలేస్తున్నాడనుకుంటారు. మా అత్తగారు రెండేళ్లు అలాగే అనుకుంది.

కోర్సు ఆరు వారాలు, వారానికి రెండు క్లాసులు. ఓ అండ్ ఎమ్ అంటారు, ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ, అంటే ఇప్పుడు ఎక్కడున్నామో తెలుసుకోవడం ఒకటి, అక్కణ్ణుంచి దెబ్బ తగలకుండా వెళ్లాల్సిన చోటికి వెళ్లడం ఇంకోటి. నేను వెళ్లగానే కర్ర చేతికిచ్చి రోడ్డెక్కిస్తారనుకున్నా. రెండు క్లాసులు అసలు కర్రే ముట్టనివ్వలేదు. గోడకి వీపు ఆనించి నిలబడి అక్కణ్ణుంచి తిన్నగా బయల్దేరడం, వేళ్ల వెనక వైపుతో గోడ తడుముకుంటూ నడవడం, కింద పడినదాని కోసం వంగేటప్పుడు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఇవే. డబ్బులు దండగ అనుకున్నా మనసులో. ఇంటికొచ్చాక చూస్తే వాడు టేబుల్ అంచుకి నుదురు కొట్టుకోవడం ఆగిపోయింది, పదేళ్లుగా నేను "చూసుకోరా" అని అరిచి సాధించలేనిది.

నేర్పించే మేడమ్ ది ముళబాగిలు సైడ్, తెలుగు బాగా వచ్చు, కోలారు యాస. మూడో వారం నుంచి రోడ్డు. కర్ర పొడవు ఛాతీ ఎముక దాకా ఉండాలట, మేము ఆన్‌లైన్లో కొన్నది పొట్టిదని పక్కన పడేయించింది. ఎడమ కాలు ముందుకేస్తే కర్ర కొన కుడి వైపు తగలాలి, అంటే నెక్స్ట్ పడబోయే అడుగు చోటు ముందే చూసుకున్నట్టు. ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అనే ఆయన తయారుచేశాడని చెప్పింది. సరే ఆయన కేఆర్ పురం ఫుట్‌పాత్ చూళ్లేదు కదా, టక్ టక్‌మని ఆనిస్తే ప్రతి రెండో బండ సందులో కొన ఇరుక్కుంటుంది. అందుకే ఇక్కడ ఎత్తకుండా నేలకి రాసుకుంటూ జరపమంటుంది, దానికి కొన దగ్గర ఉండలా తిరిగే టిప్ వేసుకోవాలి.

ఫుట్‌పాత్ అంటే తెలుసుగా, డ్రైనేజీ మీద బండలు, ఒక బండ ఉండదు, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పార్క్ చేసిన స్కూటర్లు. అవి కర్రకి దొరుకుతాయి. దొరకనివి ఛాతీ పైన ఉండేవి, కరెంటు స్తంభానికి ఏటవాలుగా కట్టిన తీగ, కొమ్మలు, ఫ్లెక్సీ ఫ్రేములు. ఐఐటీ ఢిల్లీ వాళ్లు చేసిన స్మార్ట్‌కేన్ దీనికోసమే, మామూలు కర్ర పిడికి తగిలిస్తే మూడు మీటర్ల లోపు అడ్డాన్ని అల్ట్రాసౌండ్‌తో పసిగట్టి చేతిలో వైబ్రేట్ చేస్తుంది, కింద గుంతలకి మాత్రం మళ్లీ కర్ర కొనే దిక్కు. మేడమ్ అయితే ముందు ఉత్త కర్ర చేతికి అలవాటవ్వనివ్వండక్కా, అది తర్వాత కొనుక్కోవచ్చు అంది. మా ఆయన గ్యాడ్జెట్ పిచ్చోడు, కొంచెం నిరాశపడ్డాడు.

సిగ్నల్ దాటడం క్లాసులో నా ప్రాణం పోయింది. సౌండ్ ఆగితే దాటాలని నేననుకునేదాన్ని, కాదట, ఆగిన సౌండ్‌ని నమ్మకూడదు, మనం వెళ్లే వైపుకే పక్కన నిలబడ్డ బండ్లు గుర్రుమని కదిలినప్పుడు వాటితోపాటే బయల్దేరాలి. దానికి తోడు ఎలక్ట్రిక్ ఆటోలు, రాంగ్ సైడ్ డెలివరీ బండ్లు, వాటికి చప్పుడే ఉండదు. నన్ను అవతల టీ కొట్టు దగ్గర నిలబెట్టి "అక్కా, మీరు పిలిచారంటే క్లాస్ క్యాన్సిల్" అంది మేడమ్. మావాడు అంచు దాకా వచ్చాడు, రెండు సిగ్నళ్లు వదిలేశాడు, మూడోదానికి కాలు కదిపేలోపు ఎవరో పెద్దాయన వచ్చి రెక్క పుచ్చుకుని బరబరా పక్క రోడ్డు దాటించేసి, మంచి పని చేశానని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. వాడు దాటాల్సింది అది కాదు! టీ గ్లాసు పట్టుకుని నేను అలా నిలబడిపోయా, మేడమ్ నవ్వుతోంది. ఆ రోజు మిగతా క్లాసంతా అదే పాఠం, ఎవరైనా రెక్క పట్టుకుంటే విదిలించుకోకుండా మన చెయ్యి పైకి తిప్పి వాళ్ల మోచెయ్యి మనమే పట్టుకోవాలి, "థాంక్స్ అంకుల్, నేను ఇటు వెళ్లాలి" అనాలి. నా మీద ఇరవై సార్లు ప్రాక్టీస్ చేశాడు.

మెట్రో వాడికి తేలిగ్గా వచ్చింది. స్టేషన్లో పసుపు పలకలుంటాయి కదా, నిలువు గీతలుంటే నడువు, బొడిపెలుంటే ఆగు, జపాన్లో 1967లో మొదట వేశారట ఇవి. నేను ఇన్నేళ్లూ డిజైన్ అనుకున్నా. కేఆర్ పురం తర్వాత బెన్నిగానహళ్లి, బైయప్పనహళ్లి, స్వామి వివేకానంద రోడ్, నాలుగోది ఇందిరానగర్. రైల్లో "ముందిన నిల్దాణ" (తర్వాతి స్టేషన్) అని విని విని వాడి కన్నడ నాకంటే బాగైంది. జనం ఆ పసుపు పట్టీ మీదే నిలబడి ఫోన్ చూసుకుంటారు, అది వేరే కథ.

ఇక కంప్లైంట్లు. సీటు కోసం నాలుగు నెలలు ఆగాం, ఫోన్ ఎత్తరు, నేరుగా వెళ్తేనే పని. దానికంటే పెద్ద కోపం ఏంటంటే క్లాసులన్నీ సాయంత్రం ఐదు లోపే. చీకట్లో కనపడని పిల్లాడికి పగలు నేర్పిస్తే ఏం లాభం అని అడిగా, స్టాఫ్ లేరన్నారు. మేడమే ఒక రోజు ఇంటికెళ్లే దారిలో ఆగి ఏడింటికి మా వీధిలో నడిపించింది, అది ఆమె మంచితనం, సెంటర్ ది కాదు. వానలో ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కర్ర ఎలా అన్నది కూడా చెప్పలేదు, జూన్ లో మేమే కుస్తీ పడ్డాం, చివరికి రెయిన్‌కోట్ కొన్నాం, అది కూడా తల టోపీ చెవులు మూసేస్తే ట్రాఫిక్ వినపడదని కత్తిరించా.

నేర్పించడానికి అయిదుకి అయిదు, ఆఫీసుకి రెండు. మీ పిల్లల్ని వేస్తే క్లాస్ రోజులు కాక మిగతా రోజులు కూడా రోజూ అరగంట మీరే రోడ్డు మీదకి తీసుకెళ్లాలి, లేకపోతే ఆరు వారాలు సరిపోవు. ఇప్పుడు మావాడు శనివారాలు ట్యూషన్‌కి ఇందిరానగర్ ఒక్కడే వెళ్తున్నాడు. మొదటి నెల నేను వెనక బోగీలో ఎక్కా, వాడికి తెలుసు, ఏమీ అనలేదు. ఆ తిరిగే టిప్పులు ఈ రోడ్ల మీద మూడు నెలలకే అరిగిపోతున్నాయి, కర్ర కొనేటప్పుడే రెండు స్పేర్ తీసుకోండి.