ప్రాక్టీస్ చాంటర్: బ్యాగ్‌పైప్ కంటే ముందు దీన్నే కొనండి, అదీ చూసి కొనండి

స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్ మీద మనసు పడ్డవాళ్లు చాలామంది మొదట్లోనే ఏకంగా బ్యాగ్‌పైప్ కొనేస్తారు. తిత్తి, ఊదే గొట్టం, మూడు శ్రుతి గొట్టాలు, వేళ్లతో స్వరాలు పలికించే చాంటర్ అనే గొట్టం, ఊదితే అదిరి నాదం పుట్టించే పీకలు అంటే రీడ్లు మొత్తం నాలుగు. వేళ్లు తిరగకముందే ఇవన్నీ చేతికొస్తే ఒక్కటీ అదుపులో ఉండదు. అక్కడి గురువులు మామూలుగా ఆరు నెలలైనా గడవనిదే తిత్తి ముట్టుకోనివ్వరు. అప్పటిదాకా సాధనంతా ప్రాక్టీస్ చాంటర్ మీదే, అంటే తిత్తీ శ్రుతి గొట్టాలూ లేకుండా నేరుగా నోటితో ఊదే సాధన గొట్టం మీదే. చెయ్యి తిరిగిన పైపర్లు కూడా కొత్త బాణీ దీని మీదే పట్టుకుంటారు కనుక, ఇది నాలుగు రోజులు వాడి మూలన పడేసే వస్తువు కాదు.

ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనిపించేవి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వచ్చే శీషం కర్ర సెట్లు. నగిషీ, తెల్లటి కట్లు, పెట్టె, పుస్తకం, రెండు మూడు రీడ్లు అన్నీ కలిపి చవగ్గా ఇస్తారు. వీటి జోలికి పోకండి. పాలిష్ చూసి మోసపోవడం తేలిక, లోపాలన్నీ లోపలే ఉంటాయి. సరిగ్గా ఆరని కర్ర కొన్నాళ్లకు వంగుతుంది. తొలిచిన రంధ్రం గరుకుగా ఉంటుంది. వేళ్ల రంధ్రాలు ఉండాల్సిన చోట ఉండవు, రీడ్ కూర్చునే గూడు వదులుగా ఉంటుంది. షడ్జమం సరిచేస్తే పంచమం తప్పుతుంది, పంచమం పట్టుకుంటే తారషడ్జమం జారిపోతుంది. నేర్చుకునేవాళ్లకు తప్పు తమ వేళ్లదో వాయిద్యానిదో తెలియదు. అసలు నష్టం అదే.

కొనాల్సింది స్కాట్లాండ్ తయారీదారుల గట్టి ప్లాస్టిక్ చాంటర్. ఈ ప్లాస్టిక్ పేరు ఎసిటల్, పైపర్ల వాడుకలో పాలీపెంకో. కిల్మార్నాక్‌లోని మెకల్లమ్, గ్లాస్గో వైపు ఆర్.జి. హార్డీ లాంటి పేరున్న కంపెనీలవి వంద పౌండ్ల లోపే వస్తాయి. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అనే కర్రతో చేసిన చాంటర్ నాదం కాస్త మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ మే నెల ఎండకు పగుళ్లు, వానాకాలంలో బిగుతు, నూనె పట్టించే పని అన్నీ దానితోపాటే వస్తాయి. నేర్చుకునే దశలో ఆ తేడా కోసం అంత డబ్బు పెట్టడం దండగ.

సైజు విషయంలో పెద్దవాళ్లు లాంగ్ చాంటరే తీసుకోవాలి. మొత్తం పొడవు ఇరవై అంగుళాల పైచిలుకు ఉంటుంది. దాని రంధ్రాల మధ్య దూరం అసలు పైప్ చాంటర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి రేపు తిత్తికి మారినప్పుడు వేళ్లు కొత్తగా చాపుకోవాల్సిన పని ఉండదు. రంధ్రాల అంచును గిన్నెలా చెక్కిన మోడల్ దొరికితే ఇంకా మంచిది, వేలి కింద రంధ్రం ఎక్కడుందో తెలుస్తుంది. చిన్నపిల్లలకు పొట్టి సైజు వేరే ఉంది.

సన్నాయి, నాదస్వరం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక చోట తడబడతారు. సన్నాయి పీకను పెదాల మధ్య పట్టి అదుపు చేస్తాం. ఇందులో జంట రీడ్ పై గొట్టం లోపల మూతపడి ఉంటుంది, పెదవి దానికి తగలదు. గట్టిగా ఊదితే స్వరం పైకి పోదు, రీడ్ మూసుకుపోతుంది. నాలుకతో తుత్తుకారాలూ పనికిరావు, ఎందుకంటే అసలు పైప్‌లో గాలి ఆగదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఇంకో స్వరాన్ని రెప్పపాటు తాకించడమే దారి. వాటినే గ్రేస్‌నోట్లు అంటారు. పైపింగ్ విద్యలో సగం అవే.

స్వరాలు తొమ్మిది. వీటిని ఇంగ్లిష్ అక్షరాలతో పిలుస్తారు. కింది ఏ (A) నుంచి మొదలుపెట్టి దాన్ని షడ్జమం అనుకుంటే, దాని కింద మంద్ర నిషాదం ఒకటి, పైన తారషడ్జమం దాకా హరికాంభోజి. పుస్తకంలో సి, ఎఫ్ అని రాసినవి నిజానికి అర స్వరం పైనుండే సి షార్ప్, ఎఫ్ షార్ప్. షార్ప్ గుర్తు వేయరు, తెలిసే ఉంటుందని పుస్తకం రాసేవాళ్ల ధీమా. షడ్జమం ఆరున్నర శ్రుతి దగ్గరో, కాస్త పైనో పడుతుంది. ఫోన్‌లో శ్రుతి పెట్టె ఆరున్నరకు పెట్టి సన్నగా జరుపుకుంటే సరిపోతుంది.

డబ్బా విప్పగానే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. రీడ్‌ను పైన అదిరే రెండు ఆకుల దగ్గర కాక అడుగున దారం చుట్టిన చోట పట్టుకుని గూట్లోకి నొక్కాలి. ఆకులు పట్టి తిప్పితే చీలిపోతాయి. తారషడ్జమం తగ్గి పలికితే రీడ్‌ను ఇంకాస్త లోపలికి దించాలి, ఎక్కువైతే అడుగున రెండు చుట్లు దారం చుట్టి పైకి లేపాలి. ఒక్క స్వరమే ఎక్కువగా ఉంటే ఆ రంధ్రం పై అంచు మీద ఇన్సులేషన్ టేపు ముక్క కొద్దిగా కప్పేలా అతికిస్తే దిగుతుంది. పై గొట్టం, కింది గొట్టం కలిసే అతుకు వదులైతే మైనం పట్టించిన హెంప్ అనే నార దారం చుట్టండి. ముసురు రోజుల్లో అదే దారం ఉబ్బి బిగుస్తుంది, అప్పుడు రెండు చుట్లు విప్పేయాలి కానీ బలవంతంగా తిప్పకూడదు.

కొంతసేపు వాయించాక గరగరమని, ఉన్నట్టుండి మూగబోతే కంగారు వద్దు. ఊపిరిలోని తేమ ఆకుల మధ్య చేరింది, అంతే. పై గొట్టం తీసి విదిలించి, రీడ్‌ను నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ ఆకులు వంకర పోతాయి. రెండు రీడ్లు మార్చి మార్చి వాడేవాళ్లకు ఈ బాధ ఉండదు.

ఎడమ చెయ్యి పైన: బొటనవేలు వెనక రంధ్రం మీద, మూడు వేళ్లు ముందు, చిటికెన వేలికి పని లేదు. కుడి చెయ్యి కింద, నాలుగు వేళ్లూ. వేళ్లు చాపి ఉంచాలి, కొసలతో కాక కణుపుల మధ్య మెత్తటి భాగంతో మూయాలి. అన్నీ మూస్తే కింది జి, కుడి చిటికెన వేలు లేపితే కింది ఏ. అక్కడిదాకా సులువే. చిక్కంతా డి, ఇ మధ్య ఉంది. డి కి కుడి చేతి మూడు వేళ్లు లేచి చిటికెన వేలు దిగుతుంది. ఇ కి ఆ మూడూ దిగి చిటికెన వేలు లేస్తుంది, అదే క్షణంలో ఎడమ ఉంగరపు వేలు లేవాలి. ఉంగరపు వేలు కాస్త ఆలస్యమైతే మధ్యలో కింది ఏ గుక్కపెట్టినట్టు వినిపిస్తుంది. పైపర్లు దీన్ని క్రాసింగ్ నాయిస్ అంటారు, పోటీల్లో జడ్జి మొదట పట్టేది ఇదే. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి అరవై దెబ్బలకు పెట్టి ఈ రెండు స్వరాలే మార్చి మార్చి వాయించండి. వేగం పెంచితే తప్పు దాక్కుంటుందే తప్ప పోదు.

గురువును ఎంచుకునేటప్పుడు పాడి నేర్పుతారా అని అడగండి. స్కాట్లాండ్ గ్యాలిక్ భాషవాళ్ల సంప్రదాయంలో పీబ్రాక్ అనే పెద్ద సంగీతాన్ని స్వరలిపి రాకముందు కాంటరాక్ అనే పలుకులతో, మన నట్టువనార్లు జతులు చెప్పినట్టు, నోటితోనే నేర్పేవారు. స్కై ద్వీపంలో మెక్లౌడ్ ప్రభువుల ఆస్థాన పైపర్లుగా తరతరాలు సాగిన మక్రిమన్ల విద్య అలా వచ్చిందే. ఆ పలుకులను 1797లో కోలిన్ క్యాంబెల్ రాతలో పెట్టాడు. గ్లాస్గోలోని నేషనల్ పైపింగ్ సెంటర్ ఆన్‌లైన్ పాఠాలు చెబుతుంది, హైదరాబాద్‌లో కూర్చుని నేర్చుకునేవాళ్లకు అదొక దారి. వేసవిలో వాళ్ల గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో అయిదున్నర.

అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ల గొడవ ఉంటే ఎలక్ట్రానిక్ చాంటర్ చూడొచ్చు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకోవచ్చు. అయితే దాన్ని రెండో చాంటర్‌గా కొనండి. రంధ్రం సగమే మూసినా స్పర్శ తగిలితే చాలు స్వరం పలుకుతుంది, ఊపిరికి సాధన ఉండదు. ప్లాస్టిక్ చాంటర్ తెప్పించుకునేటప్పుడే రెండు రీడ్లు, ఒక ఉండ హెంప్ దారం కలిపి ఆర్డర్ పెట్టండి. తర్వాత రీడ్ ఒక్కదాని కోసం తెప్పిస్తే పోస్టు ఖర్చు దాని ధరను మించిపోతుంది.