500 రూపాయల నోటుకు ఏ నూనె మేలు?

శనక్కాయ పండే అనంతపురంలో ఉండి పామాయిల్ ప్యాకెట్ కొంటుంటే నాకు మనసు ఒప్పదు. మా అమ్మ వాళ్ళది కళ్యాణదుర్గం వైపు పల్లె. కాయ అమ్మేసి, ఆ డబ్బులోంచే అంగట్లో పామాయిల్ తెచ్చుకునే ఇళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళను తప్పు పట్టలేను. చేతిలో ఉన్న డబ్బుతో నెలంతా గడవాలంటే ఎవరైనా ముందు చూసేది ధరే కదా.

మా ఇంట్లో నలుగురం. నూనెకు నెలకు 500 రూపాయలు అనుకున్నాం. మొన్న మా వీధి అంగట్లో అడిగితే ఆ డబ్బుకు పామాయిల్ నాలుగు లీటర్లు వస్తుంది. పొద్దుతిరుగుడు నూనె లీటరు 165, అంటే మూడు లీటర్లు. రిఫైన్డ్ శనక్కాయ నూనె 185, రెండున్నర లీటర్ల పైన వస్తుంది. గానుగలో ఆడించిన శనక్కాయ నూనె లీటరు 350 కాబట్టి లీటరున్నర కూడా రాదు. ధరలు నెలనెలా మారుతుంటాయి, మీ ఊరి లెక్క మీరు వేసుకోండి.

నాలుగు లీటర్లు వస్తున్నాయంటే పామాయిలే లాభం అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అసలు మనకు నాలుగు లీటర్లు కావాలా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు రెండు వేల కేలరీల తిండి తినే మనిషికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చాలు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. నలుగురు నెలకు నాలుగు లీటర్లు వాడితే మనిషికి రోజుకు 30 గ్రాములు దాటుతుంది. బయట తినే ఉగ్గాని బజ్జీ, ఇంట్లో వేసుకునే నెయ్యి దీనికి అదనం. అంటే ఆ నాలుగో ప్యాకెట్ మనకు అక్కర్లేనిది. చవగ్గా దొరికింది కదా అని తాలింపులో గరిటె ఎక్కువ పోస్తాం, అంతే.

పామాయిల్ విషమేమీ కాదు. ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, అందుకే బజ్జీల బండ్ల మీద అదే కాగుతుంటుంది. కానీ అందులో సగం దాకా సంతృప్త కొవ్వే, అంటే ఎక్కువైతే గుండెకు మంచిది కాని రకం. శనక్కాయ నూనెలో అది అయిదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, పొద్దుతిరుగుడులో ఇంకా తక్కువ. మా నాన్నకు గుండె జబ్బు వచ్చినప్పటి నుంచి నాకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువైంది.

గానుగ నూనె సంగతి వేరు. చిత్రాన్నం కలిపినా, రాగిసంకటిలోకి ఊరిబిండి పచ్చడి నూరి పైన ఒక చెంచా వేసినా, ఆ వాసనకే ఇంకో ముద్ద లోపలికి పోతుంది. అయితే గానుగ అన్న పేరు చూసి మోసపోవద్దు. బూజు పట్టిన విత్తనాలు ఆడిస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలోకి కూడా వస్తుంది. రిఫైన్ చేసినప్పుడు అది చాలావరకు పోతుంది, గానుగలో పోదు. కాబట్టి ఏ విత్తనాలు పోస్తున్నారో చూపించే గానుగ దగ్గరే కొనాలి. బజ్జీలు, వడియాల వేపుడుకు ఈ నూనె వాడితే డబ్బు వృథా. నురగ వస్తుంది, త్వరగా పొగ కూడా వస్తుంది.

ఒక్క మాట ప్యాకెట్ల గురించి. రెండు ప్యాకెట్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని మీద లీటరు అని, ఇంకోదాని మీద 850 గ్రాములు అని ఉంటుంది. రెండోది 60 గ్రాములు తక్కువ. పది రూపాయలు తగ్గిందని సంతోషపడి ఇంటికొచ్చాక చూసుకుని బాధపడ్డాను. ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత అని చిన్న అక్షరాలతో వేసి ఉంటారు. ఒకదాని మీద గ్రాముకు, ఇంకోదాని మీద మిల్లీలీటరుకు ఉంటే ఆ అంకెలు నేరుగా పోల్చకూడదు, రెండిటికీ గ్రాముకు ఎంతో లెక్క వేసుకునే పోల్చాలి.

ఇప్పుడు మేము చేస్తున్నది ఇది. రెండు లీటర్లు పొద్దుతిరుగుడు, అర లీటరు గానుగ నూనె. 505 రూపాయలు అవుతుంది. కూరలకు, దోసెలకు ప్యాకెట్ నూనె, చిత్రాన్నానికి, పొడులకు, పచ్చళ్ళకు గానుగది. మనిషికి రోజుకు 19 గ్రాములు పడుతుంది, రుచికి లోటు లేదు. నూనెకు 500 అటూ ఇటూ పెట్టే ఇంటికి నా ఓటు దీనికే.

ఊళ్ళో చేను ఉన్నవాళ్ళకు మాత్రం ఇంతకన్నా మంచి దారి ఉంది. పది కిలోల విత్తనాలు ఆడిస్తే నాలుగు లీటర్ల దాకా నూనె దిగుతుంది. విత్తనాలు కిలో 120 చొప్పున కొన్నవే అనుకున్నా 1200, గానుగ కూలి 200. నూనె తీశాక మిగిలే చెక్క ఆరు కిలోల దాకా ఉంటుంది, దానికి 240 వస్తుంది. లీటరు 290 పడింది. సొంత కాయే కదా, ఊరికే వచ్చిందనుకోవడం తప్పు. అమ్మితే వచ్చే డబ్బు వదులుకుంటున్నాం కాబట్టి ఆ ధర వేసుకునే చూడాలి. అలా చూసినా బయట కొనే గానుగ నూనె కన్నా లీటరుకు 60 రూపాయలు మిగులుతుంది.

చిక్కంతా కోతల టైంలోనే. అప్పులవాళ్ళు ఇంటికొస్తారు, కాయంతా ఒకేసారి బండెక్కుతుంది. పోయినేడు అమ్మతో మాట్లాడి పదిహేను కిలోల కాయ పక్కన పెట్టించాను. ఒలిస్తే పది కిలోల పైన విత్తనాలు వచ్చాయి. నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేసి, రెండు రోజులు ఎండబెట్టి గానుగకు తీసుకెళ్ళాం. అమ్మ రెండు లీటర్లు ఉంచుకుని రెండు నాకిచ్చింది. చెక్క ఇంట్లో ఎనుముకు పెట్టింది.