పల్స్ ఆక్సీమీటర్: ఏ వయసువాళ్లకి ఎంత పనికొచ్చింది

కోవిడ్ రోజుల్లో కంగారుగా కొన్న పల్స్ ఆక్సీమీటర్, అంటే వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే చిన్న మిషన్, మా ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. అప్పట్లో జనం కొన్నవాటిలో చాలావరకు ఈపాటికి బ్యాటరీలు కారిపోయి సొరుగుల్లో పడి ఉంటాయి. మాకు ఆ అవకాశం రాలేదు. ఇంట్లో పసివాడి దగ్గర్నుంచి నాన్న దాకా అన్ని వయసులవాళ్లూ ఉన్నారు, అందరూ ఏదో ఒకప్పుడు దీనికి వేలు అందించినవాళ్లే. ఇన్నేళ్లు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, ఒక్కో వయసులో మనుషుల్ని ఆస్పత్రికి చేర్చే కారణాలు వేరు, వాటిలో కొన్ని మాత్రమే ఈ మిషన్ కంటికి ఆనతాయి.

బాగా కలిసొచ్చింది నాన్నకే. ఆయనకి సీఓపీడీ, అంటే గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉంది. పెద్ద వయసులో అడ్మిట్ అయ్యే కారణాల్లో న్యుమోనియా, సీఓపీడీ ముదరడం, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఎప్పుడూ ముందుంటాయి. మూడూ రక్తంలో ఆక్సిజన్‌ని తగ్గించేవే. సాధారణంగా 95 నుంచి 100 దాకా ఉంటే మంచిదంటారు కానీ ఆ లెక్క నాన్నకి కుదరదు. బాగున్న రోజున, కాసేపు కూర్చున్నాక ఎంత చూపిస్తుందో రాసి పెట్టుకోమన్నారు మా డాక్టరుగారు. ఆయన మామూలు అంకె 93. ఒకసారి కఫం రంగు మారి, మాట కాస్త మబ్బుగా వస్తున్నప్పుడు చూస్తే 88. జ్వరం లేదు. వృద్ధుల్లో న్యుమోనియా జ్వరం లేకుండానే రావచ్చట, మనిషి అయోమయంగా మాట్లాడటమే మొదటి గుర్తు కావచ్చట. ఆ రోజే అడ్మిట్ చేశారు. అక్కడ ఆక్సిజన్ పెట్టి కూడా 88కీ 92కీ మధ్యే ఉంచారు. ఇంకాస్త పెంచొచ్చు కదా అని నాకు ఒకటే టెన్షన్. ఇలాంటి రోగుల్లో కొందరికి ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందని నర్సు చెప్పాక గానీ కుదుటపడలేదు.

అదే ఇంట్లో అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నొప్పితో అల్లాడుతున్న మనిషి వేలికి మా తమ్ముడు దీన్ని తగిలించాడు. 97 చూపించింది, పాపం దాని డ్యూటీ అది చేసింది. పడి ఎముక విరగడం, పక్షవాతం, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా పెద్దవాళ్లని ఆస్పత్రికి పంపే కారణాలే. వీటిలో అంకె చూసి ధైర్యపడితే మోసపోతాం.

పసిపిల్లల విషయం ఇంకాస్త చిక్కు. ఏడాదిలోపు వాళ్లు అడ్మిట్ అయ్యేది ఎక్కువగా శ్వాస సమస్యలతోనే. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు వాచే బ్రాంకియోలైటిస్ అనే జబ్బు, దాని వెనక చాలాసార్లు ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. అంటే సూత్రప్రకారం ఆక్సీమీటర్ బాగా పనికిరావాలి. నిజానికి మా మేనల్లుడు పుట్టినప్పుడు, ఒక రోజు నిండాక, కుడి చేతికీ పాదానికీ ప్రోబ్ (ఒంటికి తగిలించే సెన్సర్ భాగం) పెట్టి గుండెలో పుట్టు లోపాలేమైనా ఉన్నాయేమో చూశారు. కానీ అది పిల్లల ప్రోబ్, పట్టీలా చుట్టేది. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల క్లిప్ ఆ చిటికెడు వేలికి నిలవదు, పక్కనుంచి వెలుతురు దూరుతుంది, వాడు కాలు ఝాడిస్తే 96 కాస్తా 81 అయిపోతుంది. వాడికి జలుబు ఛాతీలోకి దిగినప్పుడు దీన్ని పక్కన పెట్టి ఊపిరి లెక్కపెట్టాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నిమిషానికి, రెండు నెలల్లోపు 60, రెండు నుంచి పదకొండు నెలల్లో 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40 సార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఊపిరి తీస్తుంటే వేగంగా పీలుస్తున్నట్టు. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా అంకెతో పని లేదు, బయల్దేరడమే. విరేచనాలతో నీరసపడ్డ పిల్లల విషయంలో కూడా ఈ మిషన్‌ని నమ్ముకోకూడదు.

స్కూలు వయసు పిల్లల్లో ఆస్తమా ఒక పెద్ద కారణం. అన్నయ్య కూతురికి ఉంది. ఆస్తమాలో అంకె ఆలస్యంగా తగ్గుతుంది, తగ్గేసరికి పరిస్థితి ముదిరి ఉంటుంది. ఆ పిల్ల ఒక వాక్యం పూర్తి చేయలేక ఆగిపోతుంటే, 96 ఉన్నా మేం ఆగం.

ఇక నడివయసు దాకా మా సంగతి. కాన్పులు, ప్రమాదాలు, అపెండిక్స్, కిడ్నీలోనో గాల్‌బ్లాడర్‌లోనో రాళ్లు. వీటిల్లో దేనికీ ఇది పెద్దగా ఉపయోగపడదు. గుండెపోటు వచ్చినా 98 చూపించొచ్చు. ఛాతీలో నొప్పి ఉన్నవాళ్లు దీనికోసం సొరుగులు వెతకడం అనవసరంగా టైము పోగొట్టుకోవడమే.

మిషన్ గురించి కొంచెం. ఎరుపు కాంతినీ పరారుణ కాంతినీ వేలిగుండా పంపి, రక్తం దేన్ని ఎంత పీల్చుకుందో చూసి లెక్కగడుతుంది. 1974లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టిన పద్ధతి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకి ముదురు రంగు ఉన్నా, చెయ్యి వణుకుతున్నా తప్పు చూపించొచ్చు. అందుకే వేలు వెచ్చబరిచి, అంకె నిలకడగా ఆగేదాకా ఓపిక పడతాం. రెండు మూడు పాయింట్ల తేడా ఎప్పుడూ ఉండొచ్చు. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 తర్వాత బాగా చర్చ జరిగింది. అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఇంకోటి: మూసిన గదిలో బొగ్గులు మండడం వల్లో జనరేటర్ నడవడం వల్లో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చినవాళ్లకి కూడా ఇది చక్కటి అంకె చూపిస్తుంది, అది ఆక్సిజన్ ఉన్న రక్తమే అనుకుని.

మాదాని స్ప్రింగ్ ఈమధ్య వదులైంది, లోపలి రబ్బరు ఒక పక్క లేచింది. వాడనప్పుడు బ్యాటరీలు తీసేయడం వల్లే ఇన్నాళ్లు వచ్చిందనుకుంటా. ఈసారి నాడి తరంగాన్ని గీతలా చూపించే రకం తీసుకుంటాను. గీత గజిబిజిగా ఉంటే ఆ అంకెని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని వెంటనే తెలుస్తుంది. పసివాడున్నాడు కాబట్టి పిల్లల ప్రోబ్ విడిగా దొరికేదైతేనే.