బడిలో దొరికే స్పీచ్ థెరపీ ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో మేమున్న ఊరి ప్రభుత్వ పాఠశాలలో మా అబ్బాయికి కిండర్‌గార్టెన్ నుంచి స్పీచ్ థెరపీ అందుతోంది. ఆ సేవ ఎలా ఉందో, అదే దారిలో అడుగు పెట్టబోయే తెలుగు తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. సమస్యను పరీక్షించి గుర్తించడంలో ఈ సేవకు పూర్తి మార్కులు వేస్తాను. చికిత్సకు కేటాయించే సమయం విషయంలో మాత్రం సగం మార్కులకు మించి వేయలేను.

ఇది బడివారి దయ మీద నడిచే సేవ కాదు. 1975లో వచ్చి, 1990లో ఐడీఈఏగా (వైకల్యాలున్న వ్యక్తుల విద్యా చట్టంగా) పేరు మారిన సమాఖ్య చట్టం ప్రకారం, 3 నుంచి 21 ఏళ్ళ మధ్య వయసులో ఉండి వైకల్యం కారణంగా ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలకు తగిన చదువును, దానికి కావలసిన సేవలను ఉచితంగా అందించాల్సిన బాధ్యత ప్రభుత్వ పాఠశాలలదే. ఆ చట్టం లెక్కించే 13 విభాగాలలో మాట, భాష లోపాలు ఒకటి. వీసా ఏదైనా ఈ హక్కు మారదు. ఈ విషయం తెలియక వెనుకాడే మనవాళ్ళు చాలామందే ఉన్నారు.

మా వాడు 'కాకి'ని 'తాతి' అని, 'కుక్క'ను 'తుత్త' అని పలికేవాడు. ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్లే ఇలా అవుతోందని, తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని తెలిసినవారు సలహా ఇచ్చారు. బడిలోని స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్, అంటే మాట, భాష లోపాలను పరీక్షించి చికిత్స చేసే నిపుణురాలు, ఆ మాటను మొదటి సమావేశంలోనే కొట్టిపారేశారు. రెండు భాషలు నేర్చుకోవడం వల్ల మాట లోపం రాదని, ఇంట్లో తెలుగు మానవద్దని ఆమె స్పష్టంగా చెప్పారు. ఆ తరువాత క, గ ధ్వనులున్న తెలుగు మాటల జాబితా రాసిమ్మని నన్ను అడిగి, వాటి బొమ్మలు చూపించి, దుభాషి సహాయంతో వాడి చేత పలికించారు. 'గోడ'ను 'దోడ' అన్న పిల్లవాడే ఇంగ్లిష్‌లో 'గోట్'ను 'దోట్' అంటున్నాడని తేలింది. అంటే పొరపాటు రెండు భాషల్లోనూ ఒకేలా ఉంది కాబట్టి అది నిజమైన ఉచ్చారణ లోపం. అదే పిల్లవాడు 'బుక్'ను 'బుక్కు' అన్నా, ఇంగ్లిష్‌లోని రెండు 'వ' ధ్వనులను (v, w) ఒకేలా పలికినా ఆమె వాటిని తప్పుల కింద వేయలేదు. అవి తెలుగు నుంచి వచ్చిన అలవాట్లే తప్ప లోపాలు కావని నివేదికలో రాశారు. ఒక్క ఇంగ్లిష్ పరీక్ష పెట్టి మార్కులు లెక్కగట్టి ఉంటే ఈ తేడా బయటపడేది కాదు. సాధ్యమైనంతవరకు పిల్లవాడి మాతృభాషలో పరీక్షించాలనే నియమం చట్టంలో ఉంది. అయినా ఆ పని అన్ని చోట్లా ఇంత శ్రద్ధగా జరుగుతుందని అనుకోవద్దు, అడగండి.

అర్హత దగ్గర ఒక మెలిక ఉంది. లోపం ఉందని తేలడంతోనే సరిపోదు, అది చదువు మీద ప్రభావం చూపుతోందని కూడా తేలాలి. చదువంటే మార్కులే కాదని గుర్తుంచుకోవాలి. మాట అర్థం కాదేమోనని పిల్లవాడు తరగతిలో నోరు విప్పకపోవడం, తోటి పిల్లలతో కలవలేకపోవడం కూడా ప్రభావమే. మా వాడి లెక్కలు బాగానే ఉన్నాయని టీచరు అన్నప్పుడు మేము ఈ వాదనే ముందుపెట్టాము.

ఇక చికిత్స. ఒక రోజు నన్ను లోపలికి రానిచ్చారు. నాలుక చివర పైకి లేవకుండా చెక్కపుల్లతో మెల్లగా అదిమిపెట్టి, తల కొంచెం వెనక్కి వాల్చి, అద్దంలో చూస్తూ 'క' అనమన్నారు. నాలుక వెనక భాగం తనంతట తానే పైకి లేచి, వాడి నోటి నుంచి తొలిసారి శుద్ధమైన 'క' వచ్చింది. ఇంత నేర్పున్న మనిషికి వారంలో మా వాడి కోసం దొరికేది రెండు అరగంటలు, అదీ మరో ఇద్దరు పిల్లలతో కలిపి. పక్కన ఒకరు నత్తికి, మరొకరు వాక్య నిర్మాణానికి శిక్షణ పొందుతుంటే అరగంటలో ఒక్కొక్కరికి మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. సమావేశాల వల్ల, సెలవుల వల్ల పోయిన తరగతులను తిరిగి పెట్టమని ప్రతిసారీ మేమే గుర్తు చేయాల్సి వచ్చింది. తప్పు ఆమెది కాదు. మాటలు రాని పిల్లలకు ట్యాబ్ మీద బొమ్మలు నొక్కి మాట్లాడటం నేర్పేది ఆమే, చదవడం రాని పిల్లల్లో ధ్వనులను విడదీసి వినే శక్తి ఉందో లేదో చూసేది ఆమే, ఆ పైన ప్రతి పిల్లవాడికీ కాగితాలు నింపేదీ ఆమే.

అందుకే ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక సమావేశంలో లక్ష్యాల కంటే ముందు నిమిషాల గడి చూడండి. వారానికి ఎన్ని నిమిషాలు, విడిగానా గుంపులోనా, తరగతి లోపలా బయటా అన్నది అక్కడ రాసి ఉంటుంది. రాసిందే వారిని కట్టిపడేస్తుంది, నోటిమాట కాదు. లక్ష్యం కూడా 'ఉచ్చారణ మెరుగవుతుంది' అని కాకుండా, ఏ ధ్వని, మాటలోనా వాక్యంలోనా, పదిసార్లలో ఎన్నిసార్లు అన్నంత స్పష్టంగా ఉండాలి. ప్రణాళికను ఏడాదికి ఒకసారైనా సమీక్షించాలి. పరీక్ష ఫలితం సరికాదనిపిస్తే బడి ఖర్చుతో బయటి నిపుణుల చేత పరీక్ష చేయించమని అడిగే హక్కు మీకుంది. మొదటి పరీక్ష కోసం కూడా నోటితో కాకుండా రాతపూర్వకంగానే అడగండి. రాష్ట్రం వేరే గడువు పెట్టకపోతే, మీరు అంగీకారం తెలిపిన 60 రోజుల్లో అది పూర్తి కావాలి.

ఒకటి రెండు ధ్వనులు తప్పుగా పలికే పిల్లలకు బడి సేవ చాలవచ్చు. లోపం తీవ్రంగా ఉంటే, బీమా వర్తించే పక్షంలో, బయట క్లినిక్‌లో విడి తరగతులు కూడా పెట్టించడం మేలని నా అభిప్రాయం. అప్పుడు ఇద్దరు థెరపిస్టులూ మాట్లాడుకోవడానికి వీలు కల్పించే అనుమతి పత్రం మీద సంతకం చేయడం మరచిపోవద్దు. లేకపోతే ఒకరు 'క' మీద పని చేస్తుంటే మరొకరు 'ర' మొదలుపెడతారు.