పర్లాకిమిడి దారుల్లో ఎలక్ట్రిక్ సైకిల్: నాలుగు వేసవుల తర్వాత

మెరక దారి, బరువు, మోకాళ్ల నొప్పి. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా మీకు రోజూ ఎదురవుతుంటే ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కోండి. ఏదీ లేకపోతే మామూలు సైకిలే చాలు. నాలుగు వేసవులు తొక్కాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

నేను పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. పొద్దున సరిహద్దు దాటి ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో, సాయంత్రం ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి దగ్గరే. మధ్యలో వీలు చూసుకుని గండాహతి వైపు కొండ కింద ఉన్న మా జీడితోటకు వెళ్లొస్తుంటాను. పాతపట్నం దారి చాలావరకు చదును. అక్కడికి ఏ సైకిల్ మీద వెళ్లినా రెండు మూడు నిమిషాలే తేడా. ఆ ఒక్క దారి కోసమైతే ముప్పై వేలు పోయడం దండగ.

తోట దారి సంగతి వేరు. చివరంతా మెరకే. వెనక క్యారేజీ మీద ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కట్టుకుని మామూలు సైకిల్ మీద వెళ్తే సగం దూరం దిగి తోసుకోవాల్సిందే. మే నెలలో అలా తోసుకుంటూ వెళ్లాక తోటలో పని చేసే ఓపిక ఎక్కడుంటుంది? ఇప్పుడు దిగకుండా వెళ్తున్నాను. చెమట పడుతుంది, ఆయాసం వస్తుంది, కానీ వెళ్లీ వెళ్లగానే పని మొదలుపెట్టగలుగుతున్నాను. వ్యాయామం పోతుందని కొందరంటారు. మోటారు సాయం తక్కువ లెవెల్లో పెట్టుకుంటే కాళ్లకు పని బాగానే ఉంటుంది. తగ్గేది మోకాలి మీద పడే భారం.

మెరక మీద మోటారే లాక్కుపోతుందని మాత్రం అనుకోకండి. నాది వెనక చక్రంలో ఉండే 250 వాట్ల హబ్ మోటారు. చక్రం మరీ నెమ్మదిస్తే అది కరెంటు ఎక్కువ తాగి వేడెక్కుతుంది, లాగేది తక్కువ. అందుకే మెరక రాకముందే గేరు తగ్గించి కాళ్లు చకచకా ఆడించాలి. గేర్లు లేని మోడల్ మన కొండ దారులకు పనికిరాదు.

ఇంకొకటి సెన్సర్. తక్కువ ధర సైకిళ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అని చూసే సెన్సరే ఉంటుంది. మనం ఎంత బలంగా తొక్కుతున్నామో దానికి తెలియదు. బయల్దేరేటప్పుడు ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ వెంటనే సైకిల్ ముందుకు ఉరుకుతుంది. కాలు ఆపాక కూడా కాస్త లాగుతుంది. సంత రోజు జనంలో ఇది చాలా టెన్షన్. నేను బ్రేకు మీద రెండు వేళ్లు ఎప్పుడూ ఉంచుతాను. లివర్ కొంచెం నొక్కితే చాలు, మోటారు ఆగిపోతుంది. కాలి బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ ఉంటే ఈ బాధ లేదు గానీ ధర బాగా పెరుగుతుంది.

అసలు ఇబ్బంది వెనక చక్రం పంక్చరైనప్పుడు. మామూలు సైకిలైతే ఏ షాపులో ఆపినా టీ తాగేలోపు అయిపోతుంది. దీన్ని చూడగానే మా వీధి చివర మెకానిక్ చేతులెత్తేశాడు. "మాస్టారూ, చక్రం విప్పితే ఆ వైరు సంగతి నాకు తెలీదండి" అన్నాడు. చక్రం విప్పనక్కర్లేదని పక్కన కూర్చుని చెప్పాను. సైకిల్‌ను తిరగేసి, టైరు ఒక పక్క అంచు మాత్రం రిమ్ నుంచి తప్పించి, ట్యూబును బయటికి లాగి, నీళ్లలో ముంచి, చిల్లు దొరికిన చోట ప్యాచ్ వేసేశాడు. ట్యూబే మార్చాలంటే మాత్రం మోటారు వైరు కనెక్టర్ ఊడదీసి, ఇరుసు నట్లు విప్పాలి. ఆ నట్ల కింద ఉండే వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోనులో ఫోటో తీసుకోండి. ఇరుసు తిరిగిపోకుండా పట్టుకునేవి అవే.

ఇక డబ్బు లెక్క. నా బ్యాటరీ 36 వోల్టులు, 7.65 ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు 275 వాట్ అవర్లు. ఛార్జర్‌లో పోయేది కలుపుకున్నా ఒక ఫుల్ ఛార్జికి యూనిట్‌లో మూడో వంతు. రెండు రూపాయల చిల్లర. అయితే కరెంటు ఖర్చు ఒక్కటే చూసి మురిసిపోకూడదు. కొత్త బ్యాటరీ పద్నాలుగు వేలు చెబుతున్నారు. నాలుగేళ్లు వస్తుందనుకుంటే రోజుకు దాదాపు పది రూపాయలు అరుగుదల కిందే పోతుంది. లీటరుకు నలభై అయిదు కిలోమీటర్లిచ్చే స్కూటీ మీద రోజూ ఇరవై కిలోమీటర్లు తిరిగితే నలభై అయిదు రూపాయల పైమాటే. పెట్రోలు ఒడిశాలోనే వంద దాటింది, ఆంధ్రాలో ఇంకా ఎక్కువ. స్కూటీ మానేసి దీన్ని వాడేవాళ్లకు లాభమే. మామూలు సైకిల్ మానేసి కొనేవాళ్లకు ఖర్చు పెరుగుతుంది.

కొత్తలో ఒక ఫుల్ ఛార్జికి చదును మీద ముప్పై కిలోమీటర్ల పైన వచ్చేది. ఇప్పుడు ఇరవై రెండో, ఇరవై మూడో. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టను, బ్యాటరీ చల్లారనిస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక పెట్టే అలవాటు అసలు వద్దు.

పాత సైకిల్‌ను అమ్మలేదు, అమ్మను కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మా గజపతి జిల్లాలో ఎన్నో చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. దారుల నిండా చెట్లు. పడిన కొమ్మల మీదుగా సైకిల్‌ను భుజానికెత్తుకుని దాటాం. ఇరవై నాలుగు కిలోల ఈ సైకిల్‌ను అలా ఎత్తడం నావల్ల కాదు. బ్యాటరీ అయిపోతే ఇదీ తొక్కుకు రావచ్చు, కానీ ఆ బరువు మెరక మీద తెలిసొస్తుంది.

మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు అయితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం సరిహద్దు దాటినా అదే రూలు. వేగం పెంచి ఇస్తామనే షాపులున్నాయి. ఒప్పుకోకండి, అప్పుడది చట్టం ప్రకారం మోటారు వాహనమైపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ లేని బండి మీద ఉన్నట్టే. హెల్మెట్ మాత్రం రూలు లేకపోయినా పెట్టుకోండి.

కొనే ముందు షాపులో రెండు పనులు చేయండి. సైకిల్‌ను చేతులతో ఎత్తి చూడండి, మీ ఇంటి మెట్లు ఎక్కించగలరో లేదో తెలుస్తుంది. విడిగా బ్యాటరీ ధరెంత, తెప్పించడానికి ఎన్నాళ్లు పడుతుందో బిల్లు మీద రాయించుకోండి. మా ఊరికైతే విశాఖ నుంచో, బరంపురం నుంచో రావాలి.