తూర్పు యూరప్ యూదులు ఎలా బతికారో చెప్పే సైటు: యివో ఎన్‌సైక్లోపీడియా

నేను డిగ్రీ కాలేజీలో ప్రపంచ చరిత్ర చెబుతాను. యూదులు అనగానే మా పిల్లలకు గుర్తొచ్చేది హిట్లర్, గ్యాస్ చాంబర్లు. సిలబస్‌లో వాళ్లు వచ్చేదే చనిపోవడానికి. అంతకుముందు వందల ఏళ్లపాటు పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్‌లలో వాళ్లు ఏం వండుకున్నారు, ఏ పని చేసి బతికారు, పెళ్లిళ్లు ఎలా చేశారు అని ఎవరూ అడగరు. మేమూ చెప్పం. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. అందుకే ఈ సైటు గురించి రాయాలనిపించింది.

పూర్తి పేరు ‘యివో ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ జ్యూస్ ఇన్ ఈస్టర్న్ యూరప్’. యివో అంటే దీన్ని తయారుచేసిన పరిశోధన సంస్థ. యేల్ యూనివర్సిటీ ప్రెస్ 2008లో రెండు పెద్ద సంపుటాలుగా వేసింది. 2010 నుంచి మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతోంది. 1,800కు పైగా వ్యాసాలు, వాటితోపాటు పాత ఫొటోలు, మ్యాపులు ఉన్నాయి.

హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) వ్యాసంతో మొదలుపెట్టకండి. ముందు తిండి గురించిన వ్యాసం తెరవండి. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటిపడేదాకా, మత నియమం ప్రకారం వాళ్లు పొయ్యి వెలిగించకూడదు. మరి శనివారం మధ్యాహ్నం వేడి అన్నం ఎలా? చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం కలిపిన కుండను శుక్రవారమే పొయ్యిలోనో, ఊరి రొట్టెల బట్టీలోనో పెట్టి మూసేసేవాళ్లు. అది రాత్రంతా సన్నని వేడికి ఉడికేది. దాన్నే చోలెంట్ అంటారు. పండగ చేపల వంటకం గెఫిల్టె ఫిష్‌ను పోలండ్ వైపు తియ్యగా చేస్తారు, లిథువేనియా వైపు మిరియాల ఘాటుతో చేస్తారు. వాళ్లు మాట్లాడే యిడ్డిష్ భాష యాస కూడా దాదాపు ఆ రెండు రుచులను విడదీసే గీత దగ్గరే మారుతుంది. పులుసులో బెల్లం వేసే ఊళ్లు, వెయ్యని ఊళ్లు అని వాదులాడుకునే మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేసింది సారా దుకాణాల వ్యాసం. పాత పోలండ్‌లో సారా కాచి అమ్మే హక్కు జమీందారులది. వాళ్లు దాన్ని యూదులకు గుత్తకిచ్చేవాళ్లు. గుత్త డబ్బు దొరకు చేరేది. అప్పుపడిన రైతుకు కళ్లెదుట కనిపించేది మాత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యూదుడు. కోపమంతా అతని మీదే. ద్వేషం ఎక్కడినుంచో ఊడిపడదని, దాని వెనక ఒక ఆదాయం లెక్క కూడా ఉంటుందని క్లాసులో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ ఎన్‌సైక్లోపీడియాను తయారుచేసిన సంస్థ చరిత్ర కూడా తెలుసుకోవాలి. యివో 1925లో విల్నా నగరంలో (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్) పుట్టింది. దర్జీలు, బడిపంతుళ్లు, విద్యార్థులు ఊళ్లు తిరిగి పాటలు, సామెతలు, పెళ్లి పిలుపులు, నాటకాల పోస్టర్లు సేకరించి పంపేవాళ్లు. 1941లో నాజీలు నగరాన్ని ఆక్రమించాక, ఘెట్టోలో (యూదులను బంధించి ఉంచిన పేటలో) ఉన్న యూదులతోనే ఆ పుస్తకాలు, కాగితాలు వేరు చేయించారు: కొన్ని జర్మనీకి, మిగతావి కాగితం మిల్లుకు. ఆ పనికి పెట్టినవాళ్లు ప్రాణాలకు తెగించి బట్టల్లో దాచుకుని కొన్నిటిని ఘెట్టోలోకి తెచ్చి కాపాడారు. జర్మనీకి తరలించిన వాటిలో చాలా భాగం యుద్ధం తర్వాత, అప్పటికే న్యూయార్క్‌కు మారిన యివోకు చేరింది. ఈ సైటులో ఒక్కో పాత ఫొటో తెరిచినప్పుడు నాకు వాళ్లే గుర్తొస్తారు.

లోటుపాట్లకు వస్తే, ఇది తూర్పు యూరప్‌కే పరిమితం. కొచ్చిన్ యూదుల గురించి వెతికేవాళ్లకు దీంతో పనిలేదు. వాళ్ల కోసం 1901–1906 మధ్య న్యూయార్క్‌లో 12 సంపుటాలుగా వచ్చిన ‘జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా’ చూడొచ్చు. అదీ నెట్‌లో ఉచితమే. కాకపోతే అది నూరేళ్లు దాటిన పుస్తకం, ఆ తర్వాత జరిగినవేవీ అందులో ఉండవు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. ఈ రెండింటిలోనూ వాళ్లు కనిపించరు. వాళ్ల గురించి తెలుగులో ఎవరైనా ఓపిగ్గా, గౌరవంగా రాయాలని నా కోరిక.

వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఊళ్లు ఇప్పటి పేర్లతో ఉంటాయి. విల్నా కావాలంటే విల్నియస్ అని, లెంబర్గ్ కావాలంటే ల్వివ్ అని కొట్టాలి. భాష కాస్త గట్టి ఇంగ్లీషే, డిగ్రీ పిల్లలు తోడు లేకుండా చదవలేరు. టీచర్లు ముందు తాము చదివి తెలుగులో చెప్పాలి. ఒక్క పీరియడ్ మాత్రమే దొరికితే షెట్ల్ అనే చిన్న సంత ఊళ్ల మీది వ్యాసం, దాని వెంటే సారా దుకాణాల వ్యాసం తీసుకోండి. హిట్లర్ పాఠానికి ముందు వారమే అది చెప్పేయండి.